ఆ మధ్య గోడ జోలికి వెళ్లొద్దు: మన తెలుగు సంఘం కార్యవర్గానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, కోశాధికారి గారికి, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

ఉత్తర లండన్‌లో మన సంఘం పేరున కొన్న రెండు ఇళ్లకు మీరు గీయించిన ప్లాను చూశాను. వచ్చే సర్వసభ్య సమావేశంలో దాన్ని ఓటుకు పెడతామన్నారు. పెట్టవద్దని అడగడానికే ఈ ఉత్తరం. వాట్సాప్ గ్రూపులో నాలుగు ముక్కలు రాస్తే సరిపోయేది కదా అంటారేమో. రాశాను. పుట్టినరోజు శుభాకాంక్షల వరదలో కొట్టుకుపోయింది. అదీకాక ఇది మన ఒక్క సంఘం గొడవ కాదు. ఈ దేశంలో ఇలాంటి పాత ఇల్లు ఒకటి కొని బడో, గుడో, హాలో చేద్దామని చూస్తున్న మనవాళ్లు నాకు తెలిసినవాళ్లే కొందరున్నారు. వాళ్ల కంట కూడా పడాలని అందరికీ కనబడేలా రాస్తున్నాను.

ప్లానులో ఉన్నవి ఇవి. మొదటి అంతస్తులో రెండిళ్ల మధ్య గోడ మొత్తం తీసేసి నూట ఇరవై కుర్చీలు పట్టే హాలు చేయడం. వీధి తలుపులు రెండింట్లో ఒకదాన్ని ఇటుకతో మూసేయడం. కిటికీలన్నీ పీకి తెల్ల ప్లాస్టిక్‌వి బిగించడం. బేస్‌మెంటు గోడలకు సిమెంటు ప్లాస్టరు. ముందువైపు ఇటుకకు రంగు. "రెండు పాత కొంపలు కలిపి ఒక మంచి కమ్యూనిటీ సెంటర్" అని కింద రాశారు.

నా ఉద్యోగం పాత కట్టడాల మరమ్మతులోనే కాబట్టి ఇందులో ఒక్కో పనికీ ఏం జరుగుతుందో నాకు తెలుసు. కానీ లెక్కల్లోకి వెళ్లేముందు మీరొక పని చేయాలి. ఈసారి తాళాలు తీసి లోపలికి వెళ్లిపోకుండా ఎదురు పేవ్‌మెంటు మీద ఐదు నిమిషాలు నిలబడి ఆ రెండిళ్ల ముఖం చూడండి.

మనం కొన్నవి విడి ఇళ్లు కావు. పది ఇళ్ల వరసలో నడిమి రెండు. మొత్తం వరసను ఒకే రాజభవనంలా కనిపించేట్టు కట్టారు. చివరి ఇళ్లు కాస్త ముందుకు ఉంటాయి, మధ్యలో మన రెండిళ్లు ముందుకు ఉంటాయి. మన రెండింటి నెత్తిన కలిపి ఒకే పెడిమెంట్, అంటే ఆ త్రికోణపు శిరస్సు, ఉంది. దాని కొన సరిగ్గా ఎక్కడ నిలబడిందో చూశారా? మీరు పడగొడదామంటున్న మధ్య గోడ మీద.

ఈ పద్ధతికి లండన్‌లో మంచి ఉదాహరణ చూడాలంటే బ్లూమ్స్‌బరీలోని బెడ్‌ఫర్డ్ స్క్వేర్‌కు వెళ్లండి. 1775 నుంచి 1783 మధ్య బెడ్‌ఫర్డ్ ఎస్టేట్ భూమిలో కట్టిన చౌకం అది. నాలుగు పక్కలా పూర్తిగా నిలిచి ఉంది. ఒక్కో పక్క ఇళ్ల వరస ఒక్కో భవనంలా ఉంటుంది. మిగతా ఇళ్లన్నీ ఉత్త ఇటుక ముఖంతో ఉంటే నడిమి భాగం మాత్రం తెల్లటి గచ్చు పూతతో, పైన పెడిమెంట్‌తో మెరుస్తుంది. తూర్పు, పడమర పక్కల ఆ నడిమి భాగం ఒకే ఇల్లు. ఉత్తర, దక్షిణాల్లో రెండేసి ఇళ్ల జంట. ఆ జంట ఇళ్ల దగ్గరే కట్టినవాడికి చిక్కు వచ్చింది.

గ్రీకు, రోమను గుడి ముఖాల్లో స్తంభాలు సాధారణంగా సరిసంఖ్యలో ఉంటాయి. ఏథెన్సులో పార్థెనాన్‌కు ముందువైపు ఎనిమిది. సరిసంఖ్య ఉంటేనే నడుమ ఖాళీ వస్తుంది, దారి వస్తుంది. మన గుళ్లలో కూడా గర్భగుడి వాకిలికి అడ్డంగా నడుమ స్తంభం నిలబెట్టరు కదా, అదే తర్కం. మరి రెండు సమానమైన ఇళ్లను ఒకే పెడిమెంట్ కిందికి తెస్తే? నడుమ తలుపూ రాదు, కిటికీ రాదు. వచ్చేది గోడ. అందుకని బెడ్‌ఫర్డ్ స్క్వేర్‌లో ఆ జంట ముఖానికి ఐదు పిలాస్టర్లు పెట్టారు. గోడకు అతుక్కుని బయటికి కొంచెం ఉబ్బినట్టుండే పలచటి స్తంభాలవి. వాటిలో మూడోది సరిగ్గా నడుమ, గోడ మీద. శాస్త్రం తెలిసినవాళ్లు దాన్ని తప్పు అంటారు. నాకు మాత్రం ఆ చౌకంలో అన్నిటికంటే నచ్చేది ఆ తప్పే. ఊరికి చూపించేది ఒక మహలు, లోపల కాపురాలు రెండు అన్న సంగతి దాచకుండా ముఖం మీదే ఒప్పుకున్నట్టుంటుంది.

మన ఇళ్లకూ అదే తప్పు ఉంది. ఐదు పిలాస్టర్లు లెక్కపెట్టుకోండి. మన ఇళ్లు బెడ్‌ఫర్డ్ స్క్వేర్ తర్వాత నలభై, యాభై ఏళ్లకు, 1820లలో కట్టినవి. పని అంత నాణ్యం కాదు, అలంకారం తక్కువ, గచ్చు చౌక. అయినా ఆ ఆలోచన అదే. వీధి తలుపులు రెండు చివర్లలో, మెట్ల వరసలు బయటి పక్కల, పొయ్యిలు నడిమి గోడకు ఇటొకటి అటొకటి వీపులు ఆనించుకుని. ఒక ఇంటిని అద్దంలో చూస్తే రెండో ఇల్లు. ఒక తలుపు మూసేస్తే ఆ ముఖం ఒంటికన్నుది అవుతుంది. మన ఇళ్లకే కాదు, మొత్తం పది ఇళ్ల వరసకు.

కిటికీల సంగతి. కింద నుంచి పైకి చూడండి. వీధి అంతస్తుకు గచ్చు పూసి గాళ్లు గీసి రాతి దిమ్మెల్లా కనిపించేట్టు చేశారు. దాని మీద మొదటి అంతస్తు కిటికీలు మనిషి కంటే ఎత్తు. ఆ పైవి తగ్గాయి. అన్నిటి మీదవి దాదాపు చదరం. ఇదేదో పైన పనివాళ్లు ఉంటారు కదా అని పిసినారితనం చేసింది కాదు (అదీ ఉంది, కాదనను). ఇటలీలో 16వ శతాబ్దపు వాస్తుశిల్పి పల్లాడియో పాత రోమను కట్టడాలు కొలిచి నేర్చుకున్న పద్ధతి ఇంగ్లండ్‌కు వచ్చి మామూలు ఇంటి మీద కూర్చున్న తీరు ఇది. స్తంభం ఉన్నా లేకపోయినా ఇంటి ముఖాన్ని స్తంభం కొలతలోనే విడగొడతారు. వీధి అంతస్తు పీఠం. మొదటి, రెండో అంతస్తులు స్తంభం. పైన కార్నిస్, అంటే గోడ పై అంచున బయటికి పొడుచుకొచ్చిన పట్టీ, దాని తల. బెడ్‌ఫర్డ్ స్క్వేర్ మామూలు ఇళ్లకు, మన వరసలో తక్కిన ఎనిమిది ఇళ్లకు పిలాస్టర్లు లేకపోయినా కిటికీల కొలతలే ఆ స్తంభాల పని చేస్తున్నాయి. నగలు లేకుండానే ముఖానికి కళ రావడమంటే అదే.

ఆ కిటికీ గోడ అంచుకు కాకుండా నాలుగు అంగుళాలు లోపలికి ఎందుకుందో కూడా చెబుతాను. 1666లో లండన్ తగలబడింది. పదమూడు వేల పైచిలుకు ఇళ్లు బూడిదయ్యాయి. ఆ తర్వాత ఇటుక, రాయి తప్ప వాడకూడదన్నారు. 1707లో చూరు కింద కర్ర కార్నిసులు నిషేధించారు. దాంతో గోడను పైకి లేపి కప్పు వీధికి కనబడకుండా దాచడం మొదలైంది. 1709లో కిటికీ చట్రం గోడ ముఖానికి నాలుగు అంగుళాలు వెనక ఉండాలన్నారు, మంట ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పాకకుండా. 1774 చట్టం చట్రాన్ని ఇటుక వెనక దాదాపు కనబడకుండా దాచమంది. అదే చట్టం ఇళ్లను విలువను బట్టి, నేల వైశాల్యాన్ని బట్టి నాలుగు తరగతులు చేసి, ఏ తరగతికి ఏ మందం గోడ ఉండాలో, ముఖ్యంగా ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఎంత ఉండాలో నిర్ణయించింది. 900 చదరపు అడుగులు దాటి 850 పౌండ్లకు పైబడిన ఇల్లు ఒకటో తరగతి. మనవి మూడో తరగతి ఇళ్లు, ఆ కొలతలు చూస్తే. లండన్ ఇళ్ల ముఖంలో మనం అందం అనుకునే నీడలు చాలావరకు అగ్నిభయంతో పుట్టిన చట్టాలు గీసినవి.

అందుకే అక్కడ లావుపాటి ప్లాస్టిక్ చట్రం పెట్టగానే ఆ నీడ పోతుంది, ఇల్లు కళ్లజోడు పెట్టుకున్నట్టు తయారవుతుంది. కోశాధికారి గారు చలి గురించి రాశారు. చలి నిజమే. కానీ ఆ కిటికీ ఎలా పని చేస్తుందో ఒకసారి చూడండి. పక్క చెక్కలో కింద ఒక చిన్న ముక్క స్క్రూడ్రైవర్‌తో ఊడి వస్తుంది. లోపల నిలువు గూటిలో తాడుకు వేలాడుతూ పోత ఇనప గుండు ఉంటుంది. కిటికీ రెక్క బరువుకు సరిపడా తూచి కట్టినది. అందుకే అంత పెద్ద రెక్కను రెండు వేళ్లతో పైకి లేపవచ్చు. ఎడమ ఇంటి మొదటి అంతస్తులో ఒకటి కదలడం లేదని బిల్డరు "చెడిపోయింది" అని రాసిచ్చాడు. అది చెడిపోలేదు. ఎవరో పొరల మీద పొరలు రంగు వేసి రెక్కను చట్రానికి అతికించేశారు. కుడి పక్క తాడు తెగింది. కొత్త తాడు వేసి, రంగు చెక్కేసి, అంచుల్లో బ్రష్ పట్టీ పెడితే గాలి చొరబడదు. లోపలి వైపు రెండో అద్దం తలుపు పెట్టుకోవడానికి కౌన్సిల్ సాధారణంగా ఒప్పుకుంటుంది. గోడ పక్కన మడిచి ఉన్న పాత చెక్క తలుపులు రాత్రి వేసుకుంటే సగం చలి అక్కడే ఆగుతుంది. వాటిని కూడా మీ ప్లానులో "అనవసరపు చెక్క" కింద తీసేయమన్నారు! ఆ కిటికీల కలప నెమ్మదిగా పెరిగిన ఉత్తరదేశపు పైన్. రెండు వందల ఏళ్లు నిలిచింది. ప్లాస్టిక్ కిటికీ పాడైతే బాగుచేయడం ఉండదు, పారేసి కొత్తది కొనడమే.

ఇంకొక మాట. అద్దాల్లో కొన్ని ఊదిన పాత గాజు పలకలు. ఎదురింటి చెట్టును వాటిలోంచి చూస్తూ తల కొంచెం కదిపితే కొమ్మ వంకర తిరిగి మళ్లీ సర్దుకుంటుంది. చంటిపిల్లలను ఎత్తుకుని చూపించండి, మీకే తెలుస్తుంది.

ఇక అసలు గోడ. ప్లానులో అది ఒక నల్ల గీత. నిజానికి అది పొగ గొట్టాల కట్ట. బేస్‌మెంటు వంటింటి నుంచి పై గది దాకా రెండిళ్లలో ప్రతి పొయ్యికీ వేరే గొట్టం, అన్నీ ఆ గోడ లోపలే మెలికలు తిరుగుతూ పైకి వెళ్లి కప్పు మీద ఒకే పెద్ద చిమ్నీగా బయటపడతాయి. మొదటి అంతస్తులో గోడ తీస్తే ఆ పైన రెండు అంతస్తుల గోడ, టన్నుల కొద్దీ చిమ్నీ గాల్లో నిలబడాలి. కప్పు కూడా దాని మీదే ఉంది. పెరటి వైపు నుంచి చూస్తే ఒక్కో ఇంటి కప్పు ఆంగ్లాక్షరం "వి" లాగా మధ్యలో దిగి ఉంటుంది. వర్షపు నీరు ఆ నడిమి గాడిలోకి వస్తుంది, వాసాల పై కొనలు అటూ ఇటూ ఇంటి మధ్య గోడల మీద ఆనుకుంటాయి. అంటే రెండు కప్పుల భారం, పది పొయ్యిల గొట్టాలు, రెండిళ్ల ముఖాన్ని వెనక్కి పట్టుకుని నిలిపే బిగువు, అన్నీ ఆ ఒక్క గోడవే.

"ఉక్కు దూలం వేస్తాం" అంటాడు బిల్డరు. వేయవచ్చు. కానీ ఆ కాలపు ఇళ్లు కట్టినవాళ్లు అమ్మకానికి కట్టినవాళ్లు. ఎస్టేటు వాళ్ల దగ్గర భూమి లీజుకు తీసుకుని, మొదటి ఒకటి రెండేళ్లు నామమాత్రపు అద్దె కట్టి, ఆలోపే డొల్ల లేపి ఎవరికో అంటగట్టి బయటపడాలి. అందుకని మంచి ఇటుక బయటికి మాత్రమే వాడారు, లోపల నాసిరకం. బయటి వరసలో అడ్డంగా కనిపించే ఇటుకల్లో చాలా వాటిని సగానికి విరిచి పెట్టారు కాబట్టి ముందు పొర వెనక పొరతో సరిగ్గా ముడిపడి ఉండదు. మధ్యమధ్య గోడలోనే కర్రలు పొదిగారు, అవి చివికిపోయి ఉండవచ్చు. ముఖం పల్లాడియోది, వెనక పని మేస్త్రీ తొందరది. ఇలాంటి గోడలు ఇన్నేళ్లుగా ఒకదాన్నొకటి ఆనుకుని సర్దుకున్నాయి. ఒక చోట కొత్త గట్టి ఉక్కు పెడితే కదలిక ఇంకో చోట, పక్కింటివాళ్ల గోడలో బయటపడుతుంది. వాళ్లతో మనకున్న ఉమ్మడి గోడ మీద పని పడితే 1996 నాటి పార్టీ వాల్ (ఉమ్మడి గోడ) చట్టం ప్రకారం వాళ్లకు నోటీసు ఇవ్వాలి, ఆ మాటే మీ బడ్జెట్లో లేదు.

చట్టం ప్రస్తావన వచ్చింది కాబట్టి సూటిగా రాస్తున్నాను. మన రెండిళ్లు గ్రేడ్ టూ లిస్టెడ్, అంటే చట్టం కాపాడే పాత కట్టడాల జాబితాలో ఉన్నవి. ఇంగ్లండ్‌లో లిస్టయిన కట్టడాల్లో తొంభై శాతానికి పైగా ఈ గ్రేడే, కాబట్టి "అది చిన్న గ్రేడే కదా" అన్న మాట కుదరదు. మూడు గ్రేడ్లకూ ఒకే చట్టం. లిస్టింగ్ ముఖానికే పరిమితం అనుకోవడం అందరూ చేసే పొరపాటు. లోపలి మెట్లు, పొయ్యిలు, గచ్చు, తలుపులు, మధ్య గోడ, అన్నీ అందులోకే వస్తాయి. 1990 చట్టం కింద అనుమతి లేకుండా అలాంటి మార్పు చేయడం జరిమానాతో పోయే నిబంధన ఉల్లంఘన కాదు, నేరం. రెండేళ్ల దాకా జైలు, జరిమానాకు పరిమితి లేదు. ఇంటిని మళ్లీ మునుపటిలా కట్టించమని కౌన్సిల్ ఎన్నేళ్ల తర్వాతైనా నోటీసు ఇవ్వవచ్చు, కాలపరిమితి లేదు. సంఘం ట్రస్టీలుగా సంతకాలు పెట్టింది మీరు. లిస్టెడ్ ఇళ్ల మార్పులకు వ్యాట్ ఉండదని ఒకరు గ్రూపులో రాశారు. ఆ మినహాయింపు 2012 అక్టోబరు 1 నుంచి ఎత్తేశారు.

డ్యాంప్ దగ్గరికి వద్దాం. దీని మీద నాకు కొంచెం కోపం ఉంది, క్షమించండి. బేస్‌మెంటు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ పోతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. ఆ గోడలకు కింద చెమ్మను ఆపే పొర లేదు. ఇళ్లకు అలాంటిది వేయడం నియమంగా వచ్చింది 1870ల తర్వాతే. ఆ గోడలు సున్నంతో కట్టినవి. తడి పీలుస్తాయి, ఎండగానే వదిలేస్తాయి. సిమెంటు పూశారంటే లోపలికి వచ్చిన తడికి బయటికి దారి ఉండదు. ఇంకాస్త పైకి ఎక్కుతుంది, జాయిస్టుల, అంటే చెక్క నేలను మోసే దూలాల, కొనలు కుళ్లుతాయి, ఇటుక ముఖం పొరలుగా ఊడుతుంది. ఇది మనకు కొత్త విద్య కాదు. మన తాతల ఇళ్లకు గానుగలో ఆడించిన డంగు సున్నం, బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపి గచ్చు వేసేవారు. కార్యవర్గంలో కోస్తావాళ్లూ ఉన్నారు, తెలంగాణవాళ్లూ ఉన్నారు. మీ ఊళ్లో సున్నపు గోడల పాత మిద్దెకు సిమెంటు పూసిన తర్వాత ఏమైందో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. లండన్ గోడ కూడా ఆ జాతిదే. సున్నంతోనే బాగుచేయాలి, బయట డ్రెయిన్లు శుభ్రం చేయాలి, పగిలిన గొట్టం మార్చాలి. మన బేస్‌మెంటు చెమ్మలో సగం ముందున్న పల్లపు వసారాలో ఆకులతో పూడిపోయిన కాలువ వల్లనే. ముందు ఇటుకకు రంగు వేయకూడదన్నదీ ఇందుకే. ఆ పసుపుపచ్చ లండన్ ఇటుకలోకి ఆ రంగు మట్టిలో కలిపిన సుద్ద వల్ల వచ్చింది. దాన్ని కప్పి మనం ఇంకేం రంగు వేస్తాం?

"ఇదంతా తెల్లదొరల వారసత్వం, దాన్ని కాపాడడానికి మనం చందాలు వేసుకోవాలా?" అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. బెడ్‌ఫర్డ్ స్క్వేర్‌లోనే, నేను చెప్పిన జంట ఇళ్లున్న దక్షిణపు వరసలో, 49వ నంబరు ఇంటికి రామ్మోహన్ రాయ్ పేరున నీలి ఫలకం ఉంది. మన వీరేశలింగం పంతులు గారు పట్టుకున్న బ్రహ్మసమాజాన్ని మొదలుపెట్టిన ఆ మనిషి 1831లో ఈ దేశం వచ్చి, 1833లో బ్రిస్టల్‌లో కన్నుమూశారు. అదే వరసలో 47వ నంబరు ఇంట్లో 1849లో ఎలిజబెత్ జెస్సర్ రీడ్ అనే ఆవిడ ఆడపిల్లలకు కాలేజీ పెట్టారు. బెడ్‌ఫర్డ్ కాలేజీగా పేరు తెచ్చుకున్నది అదే. చోటు చాలక పక్కిల్లు కూడా తీసుకుని 1874 దాకా అక్కడే నడిపారు. అంటే ఈ ఇళ్లు దొరల కాపురాలకే అంకితమై కూర్చోలేదు. బడికీ, బయటి నుంచి వచ్చినవాళ్లకూ, కొత్త పనులకూ ఎప్పటినుంచో చోటిస్తున్నాయి. మనం ఆ వరసలో వచ్చినవాళ్లమే.

అసలు మనకు కావలసింది ఆ ఇళ్లలో ఇప్పటికే ఉంది, అదే మీకు కనబడలేదని నా బాధ. మేఫెయిర్‌లో బ్రూక్ స్ట్రీట్ మీద 23, 25 నంబర్లు చూశారా? ఇలాంటి జంటే. 25లో జర్మనీ నుంచి వచ్చిన సంగీతకారుడు హాండెల్ 1723 నుంచి 1759లో చనిపోయేదాకా అద్దెకున్నాడు. 1741లో మెస్సయ్య అనే తన పేరుమోసిన గానకృతిని మూడున్నర వారాల్లోపు రాసింది అక్కడే. మొదటి అంతస్తు ముందు గదిలో గాయకులను పోగేసి సాధన చేయించేవాడు. మన ముందు గదికంటే అదేం పెద్దది కాదు. గోడకు అవతల 23 పై అంతస్తులో 1968, 69ల్లో గిటారు వాయించే జిమీ హెండ్రిక్స్ ఉన్నాడు. ఇప్పుడు రెండూ కలిపి మ్యూజియం. ఇల్లు ఇల్లుగా ఉంది, గది గదిగా ఉంది, జనం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతూనే ఉన్నారు.

మొదటి అంతస్తు ముందు గది కట్టిందే పదిమందిని పిలవడానికి. ఎత్తైన పైకప్పు, నేలదాకా వెలుగు, చెక్క నేల, గచ్చు గోడలు. అందులో వీణకు మైకు అక్కర్లేదు. ముప్పై, నలభై మంది కూర్చుని త్యాగరాజ ఆరాధన చేసుకుంటే, ఘనరాగ పంచరత్నాలు అందరూ కలిసి పాడుకుంటే, ఏ స్పోర్ట్స్ హాల్లోనూ రాని నాదం అక్కడ వస్తుంది. నూట ఇరవై కుర్చీల ఉగాదికి ఏటా ఒక రోజు స్కూలు హాలు అద్దెకు తీసుకుందాం. ఇన్నేళ్లూ చేసింది అదే కదా. సంవత్సరంలో రెండు పండగల కోసం మిగతా రోజుల గదులన్నీ పాడుచేసుకోవడం ఎందుకు?

నా ప్రతిపాదన ఇది. ఎడమ ఇల్లు పిల్లలకు: కింద గదుల్లో తెలుగు బడి, పైన పుస్తకాలు. కుడి ఇల్లు పెద్దలకు, సంగీతానికి, నాట్యానికి. వంట రెండిళ్ల బేస్‌మెంట్లలో, అది మొదటినుంచీ ఉన్న చోటే. ఇళ్ల మధ్య రాకపోకలకు వీధి అంతస్తు వెనక గదుల్లో, పొయ్యి లేని చోట చూసి, ఒక్క తలుపంత దారి. ఎప్పుడైనా మళ్లీ ఇటుకతో మూసేసుకునేలా. అనుమతి అడిగితే దానికి కౌన్సిల్ ఒప్పుకునే అవకాశం బాగా ఉంది. అడగకుండా మాత్రం అదీ చేయకూడదు.

ఈ ఇళ్లలో నిజంగా పెద్ద ఇబ్బంది ఒకటుంది, దాని మీద మీ ప్లానులో ఒక్క గీత లేదు. వీధి తలుపుకు మెట్లు, లోపల ఇరుకు మెట్లు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు మొదటి అంతస్తుకు ఎలా వస్తారు? లిస్టెడ్ కాబట్టి కుదరదని చేతులెత్తేయకూడదు. కుడి ఇంటి పెరటి వైపు అతుకుగా కట్టిన చిన్న భాగం పాతది కాదు, 1960ల పని. దాని స్థానంలో లిఫ్టు పెట్టే సంగతి అడగవచ్చు. గోడ పడగొట్టడానికి పక్కన పెట్టిన డబ్బులో కొంత దానికి పోనీ, నేను మొదటి చందా వేస్తాను.

కాబట్టి ఆ తీర్మానాన్ని ఈ సమావేశం అజెండాలోంచి తీసేయండి. ప్లాను గీసిన బిల్డరుకు అడ్వాన్సు ఇవ్వకండి. పాత కట్టడాల పని తెలిసిన ఆర్కిటెక్టును, ఇంజనీరును పెట్టుకుని, కౌన్సిల్లో కన్సర్వేషన్ ఆఫీసరుతో దరఖాస్తుకు ముందే ఒకసారి కూర్చోండి. దానికి ఫీజు కట్టాలి, కట్టండి. కిటికీ తాళ్లు మార్చే పని, పల్లపు వసారా కాలువ శుభ్రం చేసే పని సంఘం కుర్రాళ్లతో కలిసి నేను చేయిస్తాను. వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఎవరైనా లోపల చూపించమంటే ఆదివారం పొద్దున పదింటికి రండి. టార్చిలైటు తెచ్చుకోండి, కుడి ఇంటి బేస్‌మెంటులో కరెంటు లేదు.

ఇట్లు,
సంఘం జీవిత సభ్యురాలు